కోడ్‌ను మొహమాటం లేకుండా విమర్శించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పుల్ రిక్వెస్ట్‌లకు (ప్రాజెక్టులో చేర్చమని పంపే కోడ్ మార్పులకు) రివ్యూ రాసేవాళ్ళూ, కొత్తవాళ్ళ ప్రశ్నలకు జవాబులిచ్చేవాళ్ళూ, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఒకరి కోడ్ ఒకరు చూసుకునేవాళ్ళూ పదేపదే అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి పెద్ద జవాబు కావాలి, కొన్నిటికి ఒక్క ముక్క చాలు.

సూటిగా చెప్పడానికీ దురుసుగా మాట్లాడటానికీ తేడా ఏమిటి?

నేను వాడే పరీక్ష ఒకటే. మీ కామెంట్ చదివాక, కోడ్ రాసినవాళ్ళకి ఏ లైన్ మార్చాలో, ఎందుకు మార్చాలో తెలిసిందా? తెలిస్తే మీరు సూటిగా చెప్పినట్టే. "ఇదేం కోడ్ బాబూ" అని రాస్తే వాళ్ళకి ఒళ్ళు మండుతుంది గానీ మార్చాల్సిన లైన్ కనిపించదు.

దురుసు కామెంట్లను ఓ పది వరసగా చదవండి. "చెత్త", "బేసిక్స్ రావు", "ఎవడు నేర్పాడు నీకు". ఎక్కడా లైన్ నంబర్ ఉండదు. అసలు కోడ్ మొత్తం చదివారా అన్న అనుమానం కూడా వస్తుంది. మొహమాటం కామెంట్లదీ ఇదే జబ్బు. "బాగుందండీ, కాస్త ఆప్టిమైజ్ చేస్తే ఇంకా బాగుంటుంది" అంటే ఏం చేయాలి? ఏ భాగం నెమ్మదిగా ఉంది? ఎంత డేటా వస్తే ఇబ్బంది? రెండిట్లోనూ వివరం లేదు. ఒకదాన్లో తిట్టు, ఇంకోదాన్లో నవ్వు ముఖం బొమ్మ, అంతే తేడా.

ఒక ఉదాహరణ ఇస్తారా?

ఒక ఫ్రెషర్ పీహెచ్‌పీలో లాగిన్ పేజీ రాసి, "పనిచేస్తోంది, ఒకసారి చూసి చెప్పండి" అని పెట్టాడనుకుందాం. యూజర్ టైప్ చేసిన పేరును నేరుగా డేటాబేస్‌ను అడిగే ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించాడు. పాస్‌వర్డ్‌ను ఎండీ5తో హ్యాష్ చేశాడు, అంటే వెనక్కి తిప్పలేని గుర్తుగా మార్చాడు. వేరియబుల్ పేర్లన్నీ ఒక్కో అక్షరమే. దానికి మూడు రకాల జవాబులు వస్తాయి.

మొదటిది: "ఈ రోజుల్లో కూడా ఇలా రాసేవాళ్ళున్నారా? ముందు వెళ్ళి సెక్యూరిటీ నేర్చుకో."

రెండోది: "మంచి ప్రయత్నం బ్రో! సెక్యూరిటీ మీద కొంచెం దృష్టి పెట్టు. ఆల్ ది బెస్ట్."

మూడోది: "దీన్ని ఇలాగే లైవ్‌లో పెట్టకూడదు. 14వ లైన్‌లో యూజర్ ఇచ్చిన పేరు నేరుగా క్వెరీలో కలిసిపోతోంది. పేరు పెట్టెలో ఒక సింగిల్ కోట్ వేసి, దాని వెనక ఎప్పుడూ నిజమయ్యే షరతు ఒకటి రాస్తే పాస్‌వర్డ్ తెలియకుండానే లోపలికి వెళ్ళిపోవచ్చు. పీడీఓలో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడి విలువలను విడిగా పంపండి. రెండోది, ఎండీ5 చాలా వేగంగా లెక్కయ్యే హ్యాష్. డేటాబేస్ బయటికి పొక్కితే మామూలు పాస్‌వర్డ్‌లను ఒక గ్రాఫిక్స్ కార్డుతో త్వరగానే రాబట్టేస్తారు. పాస్‌వర్డ్‌ల కోసమే పీహెచ్‌పీలో హ్యాష్ ఫంక్షన్ ఉంది, అది వాడండి. ఈ రెండూ మార్చాక మళ్ళీ పెట్టండి, చూస్తాను."

మూడింటిలో అన్నిటికన్నా గట్టి మాట మూడోదాని మొదటి వాక్యమే. అందులో ఓదార్పు లేదు, "నా అభిప్రాయం ప్రకారం" లేదు. అయినా ఆ అబ్బాయికి కావాల్సినవన్నీ ఉన్నాయి: లోపం ఎక్కడుందో, దాంతో ఎవడు ఏం చేయగలడో, బదులుగా ఏం వాడాలో. వేరియబుల్ పేర్ల సంగతి కావాలనే ఎత్తలేదు. తలుపు తీసి ఉన్న ఇంటికి రంగు బాగోలేదని చెప్పడం దండగ.

"కోడ్‌నే అనాలి, మనిషిని అనకూడదు" అంటారు. రాసేటప్పుడు అదెలా?

వాక్యానికి కర్తను మార్చండి. "నువ్వు నల్ చెక్ చేయలేదు" బదులు "ఇన్‌పుట్ నల్ అయితే ఈ ఫంక్షన్ పడిపోతుంది". "మీకు ట్రాన్సాక్షన్లు తెలియవు" బదులు "రెండో అప్‌డేట్ ఫెయిలైతే మొదటిది డేటాబేస్‌లో అలాగే ఉండిపోతుంది". నిజం ఒక్క గ్రాము కూడా తగ్గలేదు, నిజానికి పెరిగింది. ఎందుకంటే మనిషిని తీసేయగానే ఆ ఖాళీలో ఏదో ఒకటి రాయాలి కాబట్టి కారణం రాయక తప్పదు.

"ఎప్పుడూ ఇంతే", "ప్రతిసారీ ఇదే తంతు" లాంటివి కోడ్ గురించి కావు, చరిత్ర తవ్వడం. అలాగే "ఎందుకిలా రాశావ్?" అన్నది ప్రశ్నలా కనిపిస్తుంది గానీ చదివేవాళ్ళకి నిలదీసినట్టే ఉంటుంది. నిజంగా కారణం తెలుసుకోవాలంటే "ఇక్కడ క్యాషింగ్ వాడకపోవడానికి ప్రత్యేకమైన కారణం ఉందా?" అని అడగండి. ఉండొచ్చు కూడా.

ఇది కొత్తగా పుట్టిన సున్నితత్వం అనుకోకండి. ఐబీఎంలో మైకేల్ ఫేగన్ 1976లోనే కోడ్ తనిఖీ పద్ధతిని వివరంగా రాశాడు. తనిఖీలో బయటపడ్డ తప్పులను ప్రోగ్రామర్ అప్రైజల్‌కి వాడొద్దని అప్పుడే చెప్పాడు. వాడితే ఏమవుతుందో మన ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒకరి తప్పు ఇంకొకరు చూపించడం మానేస్తారు, రివ్యూ అంతా "లుక్స్ గుడ్"లతో నిండిపోతుంది.

నువ్వు అనాలా, మీరు అనాలా? బ్రో, అన్నా, సార్?

ముఖం తెలియనివాళ్ళతో మీరు. వయసుతో సంబంధం లేదు. తెలుగులో విమర్శ రాసేటప్పుడు "నువ్వు" వెంటనే పైనుంచి కిందికి మాట్లాడినట్టు వినిపిస్తుంది. అదే వాక్యం "మీరు"తో రాస్తే పక్కన కూర్చుని చెప్పినట్టుంటుంది. రోజూ మాట్లాడుకునే గ్రూపులో నువ్వు, రా, అన్నా ఎలాగూ నడుస్తాయి. అక్కడ హఠాత్తుగా "మీరు గమనించగలరు" అని మొదలుపెడితేనే కోపం వచ్చిందేమో అనుకుంటారు.

ఇంకో చిన్న సంగతి. "అన్నా, బ్రో" అని పిలిచి ఆ తర్వాత వెటకారం చేయడం మన గ్రూపుల్లో బాగా అలవాటు. పిలుపు తీయగా ఉన్నంత మాత్రాన వెటకారం దిగమింగుకోలేరు.

ముందు మెచ్చుకుని, మధ్యలో తప్పు చెప్పి, చివర మళ్ళీ మెచ్చుకోవాలా?

అక్కర్లేదు. ఆ పద్ధతి అందరికీ తెలిసిపోయింది. "చాలా బాగా రాశారు" అనగానే చదివేవాళ్ళు "కానీ" కోసం ఎదురుచూస్తారు. పైగా అసలు విషయం మధ్యలో ఇరుక్కుని, ఓ ఇద్దరు ముగ్గురు పొగడ్త మాత్రమే చదువుకుని వెళ్ళిపోతారు.

నిజంగా బాగున్నది కనబడితే మాత్రం చెప్పండి, అదీ వివరంగానే. "ఎర్రర్ మెసేజ్‌లో ఫైల్ పేరు, లైన్ రెండూ ఇచ్చారు, డీబగ్ చేసేటప్పుడు ఇది చాలా సాయపడుతుంది, మిగతా చోట్లా ఇలాగే పెట్టండి." ఇది కూడా సూచనే.

లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఏళ్ళ తరబడి తిట్టాడు కదా. అయినా లినక్స్ ప్రపంచాన్ని ఏలుతోంది. మరి తిట్టడం పనిచేసినట్టే కదా?

ఈ ప్రశ్న రాని చర్చ లేదు. కాబట్టి కాస్త వివరంగా.

2012 డిసెంబరులో జరిగింది చూద్దాం. కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) వీడియో పరికరాలకు సంబంధించిన ఒక మార్పు వల్ల కొన్ని ఆడియో, డెస్క్‌టాప్ ప్రోగ్రాములు దెబ్బతిన్నాయి. ఆ భాగం చూసే మెయింటైనర్, తప్పు ఆ ప్రోగ్రాములదే అన్నట్టు రాశాడు. లైనస్ నోరు మూసుకోమంటూ, పెద్ద అక్షరాలతో విరుచుకుపడ్డాడు. ఆ మెయిల్‌లో తిట్లన్నీ తీసేసి చూడండి. మిగిలేది ఇది: కెర్నల్ మార్పు వల్ల యూజర్ ప్రోగ్రామ్ ఆగిపోతే అది కెర్నల్ బగ్, ప్రోగ్రామ్‌ని నిందించకూడదు, ఇక్కడ వాడిన ఎర్రర్ కోడ్ ఆ సిస్టమ్ కాల్‌కి తగినది కాదు. చాలా బలమైన వాదన. తిట్లు తీసేసినా ఒక్క అంగుళం తగ్గలేదు. ఈనాటికీ కెర్నల్ వాళ్ళు పాటించేది ఆ నియమాన్నే.

కెర్నల్ సముదాయంలో దీని మీద గొడవ చాలాకాలం నడిచింది. కొందరు విసిగిపోయి వెళ్ళిపోయారు. చివరికి 2018 సెప్టెంబరు 16న, 4.19 వెర్షన్ పరీక్ష విడుదల ప్రకటనలోనే లైనస్ తన ప్రవర్తనకి క్షమాపణ చెప్పాడు. మనుషుల భావాలను అర్థం చేసుకోవడంలో సాయం తీసుకుంటానని చెప్పి కొన్నాళ్ళు పక్కకి తప్పుకున్నాడు. 4.19ను గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ విడుదల చేశాడు. అదే సమయంలో కెర్నల్‌కు కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. అక్టోబరులో లైనస్ తిరిగి వచ్చాడు. లినక్స్ కుప్పకూలలేదు, ప్యాచ్‌ల నాణ్యతా పడిపోలేదు.

అలాగని ఆయన మెత్తబడిపోయాడనీ కాదు. 2025 ఆగస్టులో, 6.17 వెర్షన్ కోసం వచ్చిన రిస్క్ ఫైవ్ ప్రాసెసర్ల మార్పులను చెత్త అంటూ తిప్పికొట్టాడు. వార్తల్లో ఆ మాటే వచ్చింది. నాకు నచ్చింది దాని కింద రాసిన కారణం. రెండు పదహారు బిట్ల సంఖ్యల నుంచి ఒక ముప్పైరెండు బిట్ల సంఖ్య తయారుచేసే చిన్న సహాయక ఫంక్షన్ ఒకటి అందులో ఉంది. ఒకదాన్ని పదహారు బిట్లు ఎడమకి జరిపి రెండోది కలిపితే చదివేవాడికి ఏది పైసగమో, ఏది కిందిసగమో కళ్ళెదుట కనిపిస్తుంది. ఫంక్షన్ పేరు వెనక దాస్తే అదే కనిపించకుండా పోతుంది, అని వివరించాడు. పైగా ఆ కోడ్ ఆలస్యంగా వచ్చిందన్నాడు. ఈ రెండు కారణాలూ మచ్చలేని రివ్యూ. "చెత్త" అన్న మాట వాటికి ఏం కలిపిందో నాకైతే కనబడలేదు.

ఇంకో సంగతి. లైనస్ తిడితే భరించినవాళ్ళకి ఎదురుగా లైనస్ ఉన్నాడు, ఆయన రాసిన కెర్నల్, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ ఉన్నాయి. మన గ్రూపులో తిట్టేవాడి దగ్గర సాధారణంగా తిట్టు ఒక్కటే ఉంటుంది.

నాకంటే సీనియర్ రాసిన కోడ్‌లో తప్పు కనబడింది. చెప్పొచ్చా?

చెప్పండి. మన దగ్గర "సార్‌కి తెలియదా" అన్న ఆలోచన వల్ల ప్రొడక్షన్‌కి వెళ్ళిపోయిన బగ్గులు ఎన్నో.

1992 జనవరి 29న ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్, లినక్స్ పాతబడిన డిజైన్ అని బహిరంగంగా రాశాడు. మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన పెద్దాయన ఆయన. అవతల ఇరవై రెండేళ్ళ విద్యార్థి లైనస్. లైనస్ ఘాటుగా బదులిచ్చి, మర్నాడే తాను కాస్త అతిగా స్పందించానని రాశాడు. ఆ వాదనలో రెండు విమర్శలున్నాయి: కెర్నల్ అంతా ఒకే ముద్దగా ఉందనీ, ఇంటెల్ 386కే కట్టుబడి ఉందనీ. మొదటిదాన్ని లైనస్ ఒప్పుకోలేదు, ఇప్పటికీ లినక్స్ అలాగే ఉంది. రెండోదాని సంగతికొస్తే, 1995లో వచ్చిన 1.2 వెర్షన్ ఆల్ఫా, స్పార్క్, మిప్స్ ప్రాసెసర్ల మీద కూడా నడిచింది. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నదాన్ని బట్టి ఈ రెండింటిలో ఏదీ తేలలేదు.

చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకి చెప్పేటప్పుడు అన్నిటికన్నా పనికొచ్చేది ఫెయిలయ్యే టెస్ట్. "సార్, ఈ ఇన్‌పుట్ ఇస్తే మైనస్ వస్తోంది, టెస్ట్ జత చేశాను, నేనేమైనా తప్పుగా అర్థం చేసుకున్నానా?" అని రాస్తే ఎంత సీనియరైనా టెస్ట్ నడిపి చూడాల్సిందే. గట్టిదనం టెస్ట్‌లో ఉంది కాబట్టి మాట మెత్తగా ఉన్నా నష్టం లేదు.

కనబడిన ప్రతి చిన్న తప్పూ చెప్పాలా?

ఖాళీలు, కామాలు, బ్రాకెట్ ఏ లైన్‌లో ఉండాలన్నది మనుషులు చెప్పే పని కాదు. గో భాషకి దానితోపాటే వచ్చే ఫార్మాటర్ ఉంది, పైథాన్‌కి బ్లాక్, జావాస్క్రిప్ట్‌కి ప్రెటియర్ ఉన్నాయి. వాటికి వదిలేయండి.

మిగతావాటిలో ఏది తప్పనిసరో, ఏది ఐచ్ఛికమో విడదీసి చెప్పండి. గూగుల్ 2019లో బయటపెట్టిన రివ్యూ మార్గదర్శకాల్లో చిన్నాచితకా సూచనల ముందు "నిట్" అని పెట్టమంటారు. అంటే చేస్తే మంచిది, చేయకపోయినా మెర్జ్ (కోడ్‌ను ప్రాజెక్టులో కలపడం) ఆగదు అని. వాళ్ళ ఇంకో సూత్రం నాకు బాగా నచ్చుతుంది: కోడ్ సంపూర్ణంగా ఉండక్కర్లేదు, ఉన్నదానికంటే మెరుగైతే ఒప్పుకోండి.

గీత ఎక్కడ గీయాలన్నదే కష్టం. బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో రూపాయలను ఫ్లోట్‌లో (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకంలో) పెట్టారనుకోండి. చూడటానికి చిన్న విషయం. కానీ 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వచ్చే లెక్క అది. నెలాఖరున మొత్తాలు పైసల్లో తేడా వస్తాయి, ఆడిటర్ అడుగుతాడు, ఎవరికీ కారణం దొరకదు. ఇది నిట్ కాదు, మెర్జ్ ఆపాల్సిన తప్పు. అదే, ఫంక్షన్ పేరు ఇంకాస్త అందంగా ఉండాలన్నది నిట్. ఇరవై నిట్ల మధ్య ఈ ఫ్లోట్ మాట తొమ్మిదోదిగా రాస్తే అది కనబడదు. పెద్దది ముందు, విడిగా రాయండి.

లైన్లు కాదు, మొత్తం డిజైనే తప్పు. అదెలా చెప్పాలి?

మొదటి లైన్‌లోనే, వీలైనంత త్వరగా. కష్టపడి రాశారు పాపం అని లైన్ లైన్‌కీ నలభై కామెంట్లు పెట్టి, అవన్నీ సరిచేశాక "అసలు ఈ టేబులే అక్కర్లేదు" అనడం కంటే క్రూరమైన రివ్యూ లేదు. "లైన్లలోకి వెళ్ళడం లేదు, ఎందుకంటే మూలంలోనే ఒక ఇబ్బంది ఉంది" అని మొదలుపెట్టి, ఆ ఇబ్బంది ఏ పరిస్థితిలో బయటపడుతుందో ఒక సన్నివేశంతో చెప్పండి. ఇద్దరు ఒకేసారి ఒకే సీటు బుక్ చేస్తే ఏమవుతుంది? సర్వర్ రెండుగా పెంచితే మెమొరీలో పెట్టిన సెషన్ ఎటు పోతుంది?

ఇలాంటప్పుడు రాతకంటే ఫోన్ నయం. మాట్లాడాక తేలినదాన్ని మాత్రం అక్కడే రెండు లైన్లు రాసి పెట్టండి, తర్వాత వచ్చేవాళ్ళకి కావాలి.

అడిగిన ప్రశ్న ఒకటి, నాకు కనబడిన తప్పు ఇంకోటి. ఏది ముందు?

అడిగినదానికి ముందు జవాబివ్వండి. మార్జిన్ ఎందుకు సరిపోవట్లేదని అడిగిన మనిషికి ఫ్రేమ్‌వర్క్ మార్చమని చెప్పడం సలహా కాదు. జవాబిచ్చాక, "అడగలేదు గానీ" అని ఇంకో పేరాలో రెండోది చెప్పండి. ప్రమాదకరమైన లోపమైతే మాత్రం వరస తిరగేయవచ్చు.

"గూగుల్ చేసుకో" అనొచ్చా?

అనకండి. సమాచారం చాలకపోతే ఏం కావాలో అడగండి: పూర్తి ఎర్రర్ మెసేజ్, వెర్షన్, సమస్య తిరిగి వచ్చేంత చిన్న కోడ్. ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో పెడితే, టెక్స్ట్‌గా పెట్టమని చెప్పండి, కారణంతో సహా: ఫొటోలోంచి కాపీ చేసి నడిపి చూడలేం.

ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో మొదలైంది. పదేళ్ళు తిరిగేసరికి, కొత్తవాళ్ళకి తమ దగ్గర ఆదరణ లేదని 2018 ఏప్రిల్‌లో ఆ సంస్థే బాహాటంగా ఒప్పుకుంది. అక్కడి నియమాలు మంచివే, నకలు ప్రశ్నలు మూసేయడమూ సబబే. మూస్తూ పెట్టే ముక్తసరి కామెంట్లే జనాన్ని తరిమేశాయి. "దీనికి జవాబు ఫలానా చోట ఉంది, మీ కేసులో తేడా ఉంటే చెప్పండి, మళ్ళీ తెరుద్దాం" అని రాయడానికి అర నిమిషం పడుతుంది.

రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైల్‌లో) తన పేరు చేర్చి పుల్ రిక్వెస్ట్ పంపే పిల్లల్ని ఏమనాలి?

ఇందులో మన దేశం వాటా పెద్దదే, దాచుకుని లాభం లేదు. ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించడానికి ఏటా అక్టోబరులో జరిగే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో నాలుగు పుల్ రిక్వెస్ట్‌లకు టీషర్టు ఇస్తామన్నారు. ఒక యూట్యూబ్ పాఠం చూసి వేలమంది సంబంధంలేని ప్రాజెక్టుల్లో "అద్భుతమైన ప్రాజెక్ట్" అని చేర్చి పంపారు. కొద్దిరోజుల్లోనే, ఒప్పుకున్న ప్రాజెక్టులకే అది వర్తిస్తుందని నియమం మార్చాల్సి వచ్చింది. తర్వాత ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకీ ఇదే గతి పట్టింది. ఒక పాఠంలో ఉదాహరణగా చూపించిన దాని రెపోకే (కోడ్ ఉంచే చోటుకే) విద్యార్థులు తమ పేర్లు పంపారు.

పంపిన పిల్లలకి చాలామందికి అవతల మనుషులు చదువుతారనే తెలియదు. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటూ రెజ్యూమెలో ఒక లైన్ కోసం చేసినవాళ్ళని స్పామర్ అని బోర్డు కట్టి ఊరేగించనక్కర్లేదు. అలాగని మెత్తబడి మెర్జ్ చేయనూ అక్కర్లేదు. "ఈ మార్పు ప్రాజెక్టుకి ఉపయోగపడదు, మూసేస్తున్నాను. గిట్ సాధన కోసమైతే మీ సొంత రెపోలో చేయండి. ఇక్కడ పనిచేయాలనుంటే కొత్తవాళ్ళ కోసం లేబుల్ పెట్టిన ఇష్యూలు చూడండి." మూడు వాక్యాలు, కాపీ చేసి పెట్టుకోండి.

ఏఐ రాసిచ్చిన కోడ్ అని తెలిసిపోతోంది. మొహం మీద అనేయొచ్చా?

అనుమానాన్ని అనకండి, లోపాన్ని అనండి. మనం పొరబడే అవకాశం ఉంది, పొరబడితే కష్టపడి రాసినవాళ్ళని దొంగ అన్నట్టే. "ఈ లైబ్రరీలో ఈ పేరుతో ఫంక్షన్ లేదు, మీ దగ్గర ఏ వెర్షన్‌లో నడిచింది?" అని అడిగితే చాలు. నడిపి చూడలేదన్న సంగతి దానంతటదే బయటపడుతుంది. "ఈ లాక్ ఇక్కడ ఎందుకు?" అన్నదానికి రాసినవాళ్ళు జవాబు చెప్పలేకపోతే, ఆ కారణం మీదే తిప్పి పంపండి. తాను వివరించలేని కోడ్‌ని రేపు తానే సరిచేయలేడు.

వరసగా అవే వస్తుంటే మాత్రం ఓపిక పట్టాల్సిన బాధ్యత మీకు లేదు. స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులోనే చాట్‌జీపీటీ జవాబులను నిషేధించింది. డేటా బదిలీ సాధనం కర్ల్‌ను నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్, చూడటానికి పకడ్బందీగా ఉండి లోపల ఏమీ లేని భద్రతా రిపోర్టులు ఎంత సమయం తింటున్నాయో 2024 జనవరిలో రాశాడు. పేలవంగా రాసిన తప్పుడు రిపోర్ట్‌ని వెంటనే పక్కన పెట్టొచ్చు, చక్కగా రాసిన తప్పుడు రిపోర్ట్‌ని మాత్రం చివరిదాకా చదవాలి.

ఉచితంగా ఇచ్చే ఓపెన్ సోర్స్ లైబ్రరీని విమర్శించే హక్కు నాకుందా?

లోపాన్ని చూపించే హక్కు ఉంది. గడువు పెట్టే హక్కు లేదు.

లోపాన్ని చూపించడమంటే ఏమిటో చెప్పడానికి మన అక్షరమే మంచి ఉదాహరణ. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు ఆగిపోతున్నాయని ప్రపంచమంతా గోల అయింది. "ఆపిల్‌కి తెలుగంటే చులకన" అన్నవాళ్ళు కొందరు, సరదాకి స్నేహితులకి పంపి ఫోన్లు పాడుచేసినవాళ్ళు ఇంకొందరు. ఓపిగ్గా తవ్వినవాళ్ళు తేల్చింది వేరు. మనం మామూలుగా టైప్ చేసే జ్ఞా వల్ల ఏమీ కాదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆపైన దీర్ఘం, ఈ వరసలో ఐదు యూనికోడ్ సంకేతాలు పడితేనే క్రాష్. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని కలయికలకీ అదే గతి. లోపం ఉన్నది ఐఓఎస్ 11.2.5లో, ఫిబ్రవరి 19న 11.2.6తో ఆపిల్ సరిచేసింది. ఐదు సంకేతాల ఆ వరస చూపిస్తే ఇంజినీర్‌కి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. చులకన అన్న నింద పట్టుకుని ఏ ఫంక్షన్ తెరవాలి?

ఇక గడువు సంగతి. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్రాజెక్టును ఒక్క మనిషి ఖాళీ సమయంలో నడిపేవాడు. 2022లో కొన్ని ఖాతాలు, ప్యాచ్‌లు ఆలస్యమవుతున్నాయని, కొత్త మెయింటైనర్ కావాలని ఆయన్ని వేధించాయి. తన మానసిక ఆరోగ్యం బాగోలేదని ఆయన చెప్పినా ఆగలేదు. చివరికి సాయానికొచ్చినట్టు కనిపించిన ఇంకొకరికి అధికారం ఇచ్చాడు. ఆ వ్యక్తి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఇంజినీర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ వెతకబట్టి 2024 మార్చి 29న అది బయటపడింది. ఆ వేధింపు ఖాతాలు పథకంలో భాగమేనని చాలామంది నమ్ముతారు. నన్ను భయపెట్టేది ఏమిటంటే, ఆ కామెంట్లలో ప్రత్యేకంగా ఏమీ లేదు. రోజూ ఏదో ఒక రెపోలో నిజమైన యూజర్లు రాసేలాగే ఉన్నాయి, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

భద్రతా లోపం కనబడితే అందరి ముందూ చెప్పాలా?

నేర్చుకోవడానికి పెట్టిన కోడ్ అయితే చెప్పొచ్చు. జనం వాడుతున్న సాఫ్ట్‌వేర్ అయితే ముందు మెయింటైనర్‌కి విడిగా, రెపోలో సెక్యూరిటీ ఫైల్ ఉంటే అందులో చెప్పిన దారిలో పంపండి.

నేను చెప్పింది తప్పని తేలితే?

"నేను పొరబడ్డాను, మీ కోడ్ సరైనదే" అని అక్కడే రాయండి. పాత కామెంట్ చెరిపేయకండి, కింద దానికొచ్చిన జవాబులు గాల్లో వేలాడతాయి.

ఎదుటివాళ్ళు వాదనకి దిగారు. ఎంతవరకు లాగాలి?

కొత్త విషయం వస్తున్నంతవరకు. వాళ్ళు కొత్త కారణం చెబితే దానికి జవాబివ్వండి. అదే మాట గట్టిగా అంటుంటే, మీ కారణం ఒకసారి స్పష్టంగా రాసి ఉంది కదా, వదిలేయండి. మెర్జ్ చేసే అధికారం మీదే అయితే "ఈ కారణంతో తీసుకోలేను" అని చెప్పి ముగించండి. అధికారం మీది కాకపోతే నిర్ణయం కూడా మీది కాదు. పక్కన చదివేవాళ్ళు ఎటూ తేల్చుకుంటారు, నిజానికి చాలా జవాబులు వాళ్ళ కోసమే.

అర్ధరాత్రి, ప్రొడక్షన్ టెన్షన్‌లో ఉన్నప్పుడు రాసిన జవాబును డ్రాఫ్ట్‌లో ఉంచి పొద్దున చూసుకోండి. చాలాసార్లు సగం కొట్టేస్తారు, మిగిలిన సగమే పనికొచ్చేది.

నా కోడ్‌నే ఉతికి ఆరేశారు. ఏం చేయను?

తిట్లు పక్కన పెట్టి, లైన్ నంబర్లు ఏరండి. ఉన్నవి సరిచేసి "మార్చాను, చూడండి" అని రాయండి. అస్పష్టంగా ఉన్నచోట "ఏ ఇన్‌పుట్‌కి పడిపోతుందో చెప్పగలరా?" అని అడగండి. దీనికి రెండు ఫలితాలే ఉంటాయి. చెప్పగలిగితే మీకో బగ్ దొరికింది. చెప్పలేకపోతే ఆ విమర్శలో సరుకు లేదని చదివేవాళ్ళందరికీ అర్థమైంది.

మనిషినీ, ఊరినీ, కాలేజీనీ, యాసనీ అన్నారంటే దానికి జవాబివ్వక్కర్లేదు. రిపోర్ట్ బటన్ ఉంది.

అంత వివరంగా రాశాను, రిప్లై కూడా ఇవ్వలేదు. గుర్తు చేయాలా?

ప్రశ్న అడిగినవాళ్ళైతే వదిలేయండి, చాలామంది కోడ్ మార్చుకుని వెళ్ళిపోతారు, థాంక్స్ చెప్పడం మర్చిపోతారు. టీమ్‌లో పుల్ రిక్వెస్ట్ ఆగిపోయి ఉంటే మాత్రం ఓ రెండు రోజులాగి "ఇంకేమైనా సాయం కావాలా, లేకపోతే మూసేయనా?" అని ఒక్క లైన్ రాయండి.